ఫ్లాపీలలోని ప్రసంగాలు



మా సంఘములో మాకు ముందు చాలా కాలము కాపరిగా ఉండి ప్రభువునందు నిద్రించిన పెద్దయ్యగారి ప్రథమ జ్ఞాపకార్థ కూడిక ఇంకా రెండు నెలలు ఉన్నదనగా, ఒక సాయంకాలము అమ్మగారు మా యింటికి వచ్చారు. చేతిలో బిస్కట్ల రేకు డబ్బా ఒకటి. దాని మూత తీసి మా బల్లమీద పెట్టారు. లోపల ఏడు ఫ్లాపీలు, ఒక సి.డి. వాటికి చుట్టిన రబ్బరు బ్యాండు కరిగి అంటుకొని పోయింది. ఒక్కొక్క ఫ్లాపీ మీద పెద్దయ్యగారి గుండ్రని చేతివ్రాత: ఆగమన కాలము, కుటుంబ ఆరాధనలు, శ్రమకాలము 1997, ఇలాగు.

"మీ పెద్దయ్యగారి ప్రసంగాలయ్యా ఇవి. చిన్న పుస్తకం వేయిద్దామని పిల్లలు అంటున్నారు. కంప్యూటర్లో ఎక్కించినవే కదా, మళ్ళీ టైపు చేయక్కర్లేదనుకుంటాను" అన్నారు అమ్మగారు.

"అలాగే అమ్మగారూ, పది రోజుల్లో ఇచ్చేస్తాము" అని మేము మాట ఇచ్చాము.

ఆ పది రోజులు నాలుగు నెలలయ్యాయి. జ్ఞాపకార్థ కూడిక నాటికి ఒక్క ప్రసంగము మాత్రమే చేతికి వచ్చింది. పెద్దయ్యగారు స్వహస్తముతో వ్రాసుకొన్న నోటు పుస్తకాలు ఉన్నట్లయితే ఇంత ప్రయాస ఉండేది కాదు గాని, అవి మందిరము వెనుక స్టోరు గదిలో చెదలు పట్టి ఎప్పుడో పోయాయి. కావున ఆ డబ్బాలో ఉన్నదే ఉన్నది. మీ యింట్లోనూ, మీ మందిరపు బీరువాలోనూ ఇటువంటి డబ్బా ఒకటి ఉండవచ్చును గనుక, మేము పడిన తిప్పలను, నేర్చుకొన్న సంగతులను ఈ మాసము మీతో పంచుకొంటున్నాము.

మొదటి ఇబ్బంది, ఫ్లాపీ పెట్టడానికి ఏ కంప్యూటరులోనూ చోటు లేకపోవుట. ఈ తరము పిల్లలకు ఫ్లాపీ అంటే తెలియదు. మూడున్నర అంగుళముల చదరపు బిళ్ళ, దానిలో పట్టేది 1.44 మెగాబైట్లు. మీ ఫోనుతో తీసే ఫోటో ఒక్కటి కూడా చాలాసార్లు అందులో పట్టదు. అయితే తెలుగు ప్రసంగాలు మాత్రము ఒక సంవత్సరమువి పట్టేవి. సోనీ సంస్థ జపానులో వీటి అమ్మకమును 2011లో నిలిపివేసింది. ఫ్లాపీ చదివే చిన్న యంత్రము, యు.ఎస్.బి. తీగతో తగిలించేది, ఇప్పటికీ ఇంటర్నెట్ దుకాణాలలో దొరుకుతుంది. మేము కొనలేదు. పట్టణములో పెళ్ళి శుభలేఖలు వేసే డి.టి.పి. సోదరుని దగ్గర ఉంటే అడిగి తెచ్చుకొన్నాము.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాత ఫ్లాపీనో పెన్‌డ్రైవునో పెట్టగానే కంప్యూటరు ఒక్కొక్కసారి, దీనిని ఫార్మాట్ చేయమందురా అని అడుగుతుంది. చూడడానికి అది సహాయము చేస్తానన్నట్లే ఉంటుంది. దానికి ఎన్నడును అవునని చెప్పకండి. ఫార్మాట్ అనగా పలకను తుడిచివేసి క్రొత్తగా గీతలు గీయుట. మా సంఘములో ఇంజనీరింగు చదువుతున్న తమ్ముడొకడు మాకు సహాయముగా కూర్చున్నాడు. మంచివాడే, చెయ్యి మాత్రము తొందర. మూడవ ఫ్లాపీకి ఆ ప్రశ్న వచ్చినప్పుడు అతని వేలు మీటమీద ఉండగానే మేము చెయ్యి పట్టుకొన్నాము. బయటికి తీసి, దుమ్ము ఊది, మరల పెడితే అదే ఫ్లాపీ తెరుచుకొన్నది! అలాగే ఫ్లాపీ మూలలో చిన్న మీట ఉంటుంది. దానిని జరిపి కన్నము కనబడేటట్లు పెడితే, లోపల ఉన్నదానిమీద ఎవరును వ్రాయలేరు, చెరపలేరు. ముందుగా ఆ పని చేసి, అన్నిటిని కంప్యూటరులోనికి నకలు చేసికొని, ఆ నకలుమీదనే పని చేయవలెను. అసలుమీద చెయ్యి పెట్టవద్దు.

ఏడింటిలో ఆరు తెరుచుకొన్నాయి. మా ఆనందము చెప్పనలవి కాదు. అయితే మొదటి ఫైలు తెరిచి చూచేసరికి తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, తలక్రిందులైన ప్రశ్నార్థకాలు. ఎక్కడా ఒక్క తెలుగు అక్షరము లేదు. తమ్ముడు చూచి, "ఫైలు కరప్ట్ అయిపోయిందండి పాస్టరు గారూ. ఇక రాదండి" అన్నాడు.

ఆ మాట మేమును నమ్మాము. అమ్మగారికి ఎలాగు చెప్పవలెనో తెలియక రెండు దినములు ఊరకున్నాము. ఫ్లాపీ యంత్రమును తిరిగి ఇచ్చుటకు డి.టి.పి. సోదరుని దుకాణమునకు వెళ్ళినప్పుడు, మాటవరసకు ఆ పేజీ చూపించాము. ఆయన ఒక్కసారి చూచి నవ్వారు. "పాడవలేదు పాస్టరు గారూ. మీ కంప్యూటర్లో ఫాంటు లేదు, అంతే" అన్నారు. తన పాత కంప్యూటరులో అదే ఫైలు తెరిచారు. పెద్దయ్యగారి ప్రసంగము, నిన్న టైపు చేసినట్లుగా, తెల్లగా తేటగా కనబడింది.

ప్రియులారా, ఇదెట్లు జరిగింది? సంగతి కొంచెము వివరముగా చెప్పనివ్వండి. ఇది తెలిస్తే మిగిలినదంతా సులువు.

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు. దానికి తెలిసినవి అంకెలే. ఇంగ్లీషు పెద్ద ఏ అక్షరమునకు 65, దాని తరువాతి అక్షరమునకు 66, ఇలాగు ఒక పట్టిక ఉన్నది. దానిని 1963లో అమెరికాలో ఏర్పరచారు. మీరు మీట నొక్కితే కంప్యూటరు 65 అని దాచుకొంటుంది. తెరమీద చూపించవలసి వచ్చినప్పుడు, 65కు ఏ బొమ్మ గీయాలి అని ఫాంటును అడుగుతుంది. అంకె ఫైలులో ఉంటుంది, బొమ్మ ఫాంటులో ఉంటుంది. ఈ రెండును వేరని గుర్తుంచుకోండి.

ఆ కాలపు ఫాంటులో మొత్తము 256 గదులే. వాటిలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తులు అప్పటికే కాపురమున్నాయి. మన తెలుగుకో, అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు కలిపితే వందలు, వేలు. అందుచేత ఆ దినములలో తెలుగు ఫాంట్లు తయారుచేసినవారు ఒక ఉపాయము చేశారు. అక్షరాలను ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఒత్తులన్నీ వేరువేరు ముక్కలు. ఆ ముక్కలను ఇంగ్లీషు అక్షరాల గదులలో కాపురము పెట్టారు. ఫైలులో ఉన్నది 65 అనే అంకె, అనగా ఇంగ్లీషు అక్షరమే. ఫాంటు మాత్రము దానికి తెలుగు ముక్కను గీసి చూపిస్తుంది. ఫాంటు తీసివేస్తే లోపలి ఇంగ్లీషు బయటపడుతుంది. అద్దెకున్నవారు వెళ్ళిపోతే ఇంటివారి పేరు పలక కనబడినట్లు!

పైగా ఏ సంస్థవారి అమరిక వారిదే. ఒకరి ఫాంటులో 65వ గదిలో ఒక ముక్క ఉంటే, మరొకరి ఫాంటులో అదే గదిలో ఇంకొక ముక్క. కాబట్టి ఒక దుకాణములో టైపు చేసినది మరొక దుకాణములో తెరిచేది కాదు. భారతీయ భాషలన్నిటికీ ఉమ్మడి అంకెల పట్టిక ఒకటి ఉండవలెనని ప్రభుత్వ పక్షమున ఇస్కీ అను ప్రమాణమును 1991లో ప్రకటించారు గాని, డి.టి.పి. పనికి అది వాడుకలోనికి రాలేదు. ఆ ఫాంటులవారిని మేము తప్పుపట్టుట లేదు. మన సువార్త కరపత్రాలు, పాటల పుస్తకాలు, ఈ పత్రికవంటి పత్రికలు ఇన్ని సంవత్సరములు అందముగా అచ్చయినవి వారి చలువవల్లనే. అచ్చు కాగితముమీద పడేంతవరకు లోపల ఏమున్నదో ఎవరికి కావలెను? పెట్టెలో దాచినదానిని ముప్పది ఏండ్లకు తెరిచేవారికే ఆ బాధ.

ఇప్పటి పద్ధతి వేరు. యూనికోడు అను లోకమంతటి పట్టిక ఒకటి 1991లోనే వచ్చింది. అందులో మొదటినుండియు తెలుగు ఉన్నది. మనకు 128 గదులు ఇచ్చారు, 3072 మొదలు 3199 వరకు. ఆ గదులలో మరెవరును ఉండరు. యేసు అను మాటను మీ ఫోనులో టైపు చేస్తే, లోపల నాలుగు అంకెలు పడతాయి: య కు 3119, ఏత్వమునకు 3143, స కు 3128, కొమ్మునకు 3137. చెన్నైలోనైనా, చికాగోలోనైనా, ఏ సంస్థ ఫోనులోనైనా ఆ నాలుగు అంకెలు యేసే. బొమ్మ గుండ్రముగా గీస్తారా, సన్నగా గీస్తారా అన్నది ఫాంటు ఇష్టము. అంకె మారదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అను తెలుగు యూనికోడు ఫాంటు కంప్యూటరుతోపాటే రావడము మొదలైంది. అయినను పేజీమేకరు అను అచ్చు ప్రోగ్రాము యూనికోడును ఎన్నడును నేర్చుకొనలేదు. 2001లో వచ్చిన 7వ కూర్పుతో దాని కథ ముగిసింది. అందుచేతనే అచ్చు పనివారు పాత ఫాంట్లను చాలా కాలము విడువలేకపోయారు.

మరి ఒక ఫైలు పాడైనదా, బాగున్నదా అని ఇంట్లో కూర్చుని ఎలాగు తెలుసుకొనుట? వైద్యుడు నాలుక చూచినట్లు, తెరమీద కనబడేదానిని చూచి చెప్పవచ్చును.

ఇంగ్లీషు అక్షరాలు, చిత్రమైన గుర్తులు కలగాపులగముగా కనబడితే అది మా సంగతే. పాత ఫాంటుతో వ్రాసినది. ఫైలు క్షేమముగా ఉన్నది. ఆ వ్రాతమీద ఒకసారి నొక్కి పైన ఫాంటు పేరు చూపే పెట్టెను చూడండి. ఫాంటు మీ దగ్గర లేకపోయినను దాని పేరు అక్కడ తరచుగా కనబడుతుంది. ఆ పేరు ఒక కాగితముమీద వ్రాసుకొని డి.టి.పి. వారిని అడగండి. అక్షరాలకు బదులు ఖాళీ పెట్టెలు వరుసగా కనబడితే ఇంకా మంచిది, లోపల యూనికోడే ఉన్నది, దానిని గీయడానికి తగిన ఫాంటు మాత్రము లేదు. మరొక ఫోనులో తెరిస్తే కనబడవచ్చును. తలపై చిన్న గీత ఉన్న ఇంగ్లీషు అక్షరము, దాని ప్రక్కన పైన చిన్న సున్న, ఈ జంటయే పేజీ అంతా మరల మరల వస్తున్నదా? అదియు నష్టము కాదు. యూనికోడు తెలుగును ప్రోగ్రాము మరొక పట్టిక ప్రకారము చదువుతున్నది. ఫైలు తెరిచేటప్పుడు యు.టి.ఎఫ్. 8 అని ఎన్నుకొంటే సరిపోతుంది. సంఘ సభ్యుల పేర్ల పట్టికను ఎక్సెలులో తెరిచినప్పుడు ఇది ఎక్కువగా వస్తుంది.

భయపడవలసినది ఒక్కటే. పేజీ నిండా ఒట్టి ప్రశ్నార్థకాలు, ఒకటే రకము, బారులు తీరి ఉంటే, ఎవరో ఆ ఫైలును తెలుగు పట్టని పద్ధతిలో సేవ్ చేశారన్న మాట. పాత నోట్‌ప్యాడులో ఇలాగు జరిగేది. సేవ్ చేసేటప్పుడు అది ఒక హెచ్చరిక చూపేది, మనము చదవకుండ ఓ.కే. అనేవారము. 2019నాటి విండోస్ 10 కూర్పు నుండి నోట్‌ప్యాడు యు.టి.ఎఫ్. 8 లోనే దాస్తున్నది గనుక ఆ ప్రమాదము తగ్గినది. అయితే ఒకసారి ప్రశ్నార్థకములైన అక్షరాలు ఆ ఫైలులోనుండి తిరిగి రావు. మా దగ్గర అట్టివి రెండు దొరికాయి. వాటి వేరొక నకలు సి.డి.లో ఉండుటచేత బ్రతికిపోయాము.

ఇక మార్చుట. పాత ఫాంటు వ్రాతను యూనికోడులోనికి మార్చే ఉచిత కన్వర్టర్లు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. పాత వ్రాతను ఒక గడిలో వేసి మీట నొక్కితే, ప్రక్క గడిలో యూనికోడు తెలుగు వస్తుంది. ఫాంటు పేరు సరిగా ఎన్నుకొనుట ముఖ్యము. పెద్దయ్యగారి ఫైళ్ళు కొన్ని పేజీమేకరువి. ఫైలు పేరు చివర పి.65 అని ఉంటే అది పేజీమేకరు 6.5, పి.ఎమ్.డి. అని ఉంటే 7. ఆ ప్రోగ్రాము లేనివారు, డబ్బు చెల్లించనవసరము లేని లిబ్రే ఆఫీసులోని డ్రా విభాగముతో వాటిని తెరిచి చూడవచ్చును. పేజీ అమరిక చెదిరిపోతుంది గాని లోపలి మాటలు బయటికి వస్తాయి. అడోబి ఇన్‌డిజైనులో సి.ఎస్.6 వరకే ఆ ఫైళ్ళు తెరుచుకొంటాయి, తరువాతి కూర్పులలో తెరుచుకోవు.

కన్వర్టరు చేసినదానిని నమ్మి అచ్చుకు పంపవద్దు. మేము మొదట చూచిన పేజీలో ప్రభువు అను మాటలో క్రావడి అక్షరమును విడిచి ముందుకు వచ్చి నిలిచి ఉన్నది. క్రీస్తు, ప్రార్థన, ప్రేమ, ఆశ్రయము, అన్నిటిలోను అదే అవస్థ. పాత ఫాంట్లలో చాలావాటిలో క్రావడి అక్షరమునకు ఎడమ ప్రక్క గీసే ముక్క గనుక దానిని ముందు టైపు చేసేవారు. యూనికోడులో అక్షరము తరువాత రావలెను. క్రావడి లేకుండ క్రైస్తవ ప్రసంగము ఒక్క వాక్యము కూడ సాగదని మాకు అప్పుడు తెలిసింది! ఒకే తప్పు అన్నిచోట్ల వస్తుంటే, కంట్రోల్ మీటతో హెచ్ మీట కలిపి నొక్కి, ఈ తప్పును ఈ ఒప్పుగా మార్చు అని ఒక్కసారే అంతటా దిద్దవచ్చును. వాక్య భాగముల అధ్యాయము, వచనము అంకెలు మాత్రము ఒక్కొక్కటి బైబిలు తెరిచి చూడవలసినదే. మధ్యలో వచ్చిన ఇంగ్లీషు మాటలు కూడ తెలుగు ముక్కలుగా మారిపోతాయి. ఒక ఇంగ్లీషు కీర్తన పేరు ఏ భాషయో తెలియని మంత్రమై కూర్చున్నది.

ఈ దిద్దుబాటు పనిని మా స్త్రీల సమాజమువారు తీసికొన్నారు. శుక్రవారపు ప్రార్థన తరువాత ఇద్దరిద్దరుగా కూర్చుని, ఒకరు పాత ఫాంటులో అచ్చు తీసిన కాగితము పైకి చదువగా, మరొకరు క్రొత్తది చూచి దిద్దారు. ఒక సోదరి చదువుతూ చదువుతూ ఆగి, "ఈ ప్రసంగం మా పెళ్ళి నాడు చెప్పిందే" అని కన్నీళ్ళు పెట్టుకొన్నారు. ఆ దినము పని మరి సాగలేదు.

ఒక సంగతి వ్రాయవలెనా వద్దా అని ఆలోచించి వ్రాస్తున్నాము. ఆ సి.డి.లో ప్రసంగాలేగాక కొన్ని ఉత్తరాలు ఉన్నాయి. రెండు వరుసలు చదివేసరికి, ఎవరో కుటుంబమువారు తమ కష్టము పెద్దయ్యగారికి చెప్పుకొనగా ఆయన వ్రాసిన జవాబులని తెలిసి మూసివేశాము. అమ్మగారిని అడిగాము. "ఆయన అవి నాకే చెప్పలేదయ్యా. తీసేయండి" అన్నారు. మామూలు సి.డి.మీద ఒకసారి వ్రాసినది చెరిపివేయుట కుదరదు. కావున ప్రసంగాలను నకలు చేసికొని, వాటిని సరిచూచుకొన్న పిమ్మట, సి.డి.ని విరిచివేశాము. కన్వర్టర్ల విషయములోను ఇదే జాగ్రత్త. ఇంటర్నెట్‌లోని గడిలో మీరు వేసినది ఎవరి కంప్యూటరుకు పోతుందో మీకు తెలియదు. ప్రసంగము వేయవచ్చును. సంఘ క్రమశిక్షణ కాగితాలు, ఆధారు అంకెలు ఉన్న పట్టికలు, ఒకరి గృహచ్ఛిద్రములు వేయకూడదు.

ఫైలు లేక కాగితము మాత్రమే మిగిలినవారికి కూడ దారి ఉన్నది. పేజీని మంచి వెలుతురులో, నీడ పడకుండ, తిన్నగా ఫోటో తీసి గూగుల్ డ్రైవులో పెట్టండి. కంప్యూటరులో ఆ ఫోటోమీద కుడి మీట నొక్కి, గూగుల్ డాక్స్‌తో తెరువుమంటే, ఫోటో క్రింద ఆ అక్షరాలను తెలుగులో టైపు చేసి ఇస్తుంది. అచ్చు కాగితమైతే చాలావరకు బాగానే చదువుతుంది. చేతివ్రాతతో తంటాలే. మ కు వు, ప కు వ పొరబడుట సహజము. పాపము అను మాట కొన్నిచోట్ల మరొక విధముగా వచ్చి, వాక్యార్థమే మారిపోయింది. దిద్దేవారు అక్షరాలనే గాక అర్థమును కూడ చూడవలెను.

ఇప్పుడు క్రొత్తగా వ్రాసుకొనే కాపరులకు, సండే స్కూలు ఉపాధ్యాయులకు ఒక మనవి. మొదటినుండి యూనికోడులోనే వ్రాయండి. విండోస్ 11లో సెట్టింగ్సులోని టైమ్ అండ్ లాంగ్వేజ్ భాగములో తెలుగును చేర్చుకొంటే, విండోస్ మీటతో స్పేస్‌బారు నొక్కినప్పుడెల్ల ఇంగ్లీషునుండి తెలుగునకు మారవచ్చును. మీటల స్థానాలు నేర్వలేనివారికి, ఇంగ్లీషు అక్షరాలతో అమ్మ అని కొడితే తెలుగులో వచ్చే ఫొనెటిక్ కీబోర్డు 2019 నుండి విండోస్‌లోనే ఉన్నది. ఫోనులో చేతితో గీసినను, నోటితో చెప్పినను వ్రాసే సదుపాయము ఉన్నది. గూగుల్ వారు నోటి మాటను తెలుగులో వ్రాయుట 2017లో ప్రవేశపెట్టారు. మేము ఇప్పుడు ప్రసంగపు చిత్తు ప్రతిని అట్లే చెప్పి వ్రాయిస్తాము. బైబిలులోని పేర్ల దగ్గర అది తడబడుతుంది. హబక్కూకు గారిని పలికించుటకు మేము పడిన పాట్లు ఇంట్లోవారికి ఇప్పటికీ నవ్వు.

యూనికోడు అయినంతమాత్రమున చిక్కులే లేవని అనము. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అక్షరపు ఒకానొక కూర్పు మెసేజిలో వస్తే ఐఫోనులలోని ప్రోగ్రాములు ఉన్నట్లుండి మూతపడిపోయేవి. ఆపిల్ సంస్థ అదే నెలలో దానిని సరిచేసింది. జ్ఞానము ఎక్కువై ఫోను ఆగిపోయిందని మా సండే స్కూలు పిల్లలు నవ్వుకొన్నారు.

మార్చిన తరువాత వచ్చిన మేలు ఏమనగా, ఇప్పుడు పెద్దయ్యగారి ప్రసంగాలన్నిటిలో ఏ మాట ఎక్కడున్నదో కంట్రోల్ ఎఫ్ నొక్కి క్షణములో వెదకవచ్చును. పాత ఫాంటులో అది కుదిరేది కాదు. అమ్మగారికి కన్ను సరిగా ఆనదు. అక్షరము పెద్దది చేసినను అలసిపోతారు. యూనికోడు వ్రాతను ఫోను తెలుగులో పైకి చదువగలదు గనుక మనుమరాలు అలాగు అమర్చి ఇచ్చింది. "గొంతు ఆయనది కాదు, మాటలు మాత్రం ఆయనవే" అన్నారు అమ్మగారు.

దాచుకొనే విషయములో యిర్మీయా గ్రంథము మనకు కండ్లు తెరిపిస్తుంది. 32వ అధ్యాయములో ప్రవక్త అనాతోతు పొలము కొన్నప్పుడు, క్రయపత్రమును రెండు ప్రతులుగా, ముద్రవేసినది ఒకటి, వేయనిది ఒకటి, మంటి కుండలో పెట్టించాడు. చాలా దినములు నిలువవలెనని అలాగు చేశాడు. 36వ అధ్యాయములో మరొక చుట్ట సంగతి చూస్తాము. బారూకు వ్రాసిన దానిని యెహోయాకీము రాజు ముక్కలు కోసి కుంపటిలో వేశాడు. ఉన్నది ఆ ఒక్కటే. అయితే యిర్మీయా బ్రతికి ఉన్నాడు గనుక మరల చెప్పాడు, బారూకు మరల వ్రాశాడు. మా పెద్దయ్యగారు మరల చెప్పుటకు లేరు.

కంప్యూటరు తెలిసినవారు చెప్పే లెక్క ఇది: మూడు ప్రతులు, రెండు రకాల వస్తువులమీద, వాటిలో ఒకటి వేరే ఊరిలో లేక ఇంటర్నెట్‌లో. మేము ఒక ప్రతి కంప్యూటరులో, ఒకటి పెన్‌డ్రైవులో, ఒకటి గూగుల్ ఖాతాలో ఉంచి, వీటన్నిటికంటె మేము నమ్మేది గనుక కాగితముమీద కూడ అచ్చుతీసి అమ్మగారి పిల్లలకు తలా ఒకటి ఇచ్చాము. పెన్‌డ్రైవు శాశ్వతము కాదు, సంవత్సరానికొకసారి తెరిచి చూడవలెను. వాట్సాపులో ఉన్నది కదా అని ఊరకుండవద్దు. అక్కడ మామూలుగా పంపిన ఫోటో నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంటుగా పంపితే తగ్గదు. మరొక మాట, రెండు సంవత్సరములు ఎవరును వాడని గూగుల్ ఖాతాను అందులో ఉన్నవాటితో సహా తొలగించు నియమమును ఆ సంస్థ 2023 డిసెంబరు నుండి అమలులో పెట్టినది. మనము ప్రభువు పిలుపు అందుకొన్న తరువాత ఖాతా ఎవరు తెరుస్తారు? ఖాతా సెట్టింగ్సులో ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్ అనుచోట, మన తరువాత చూడవలసినవారి పేరు ముందుగానే ఇవ్వవచ్చును. మేము ఇచ్చాము.

ఏడవ ఫ్లాపీ మాత్రము ఇంతవరకు తెరుచుకోలేదు. దానిమీదనే శ్రమకాలము 1997 అని ఉన్నది. సిలువపై ప్రభువు పలికిన మాటలమీద ఆ సంవత్సరము పెద్దయ్యగారు చేసిన ప్రసంగాలు అందులో ఉన్నాయని, వాటిని నీలిరంగు అట్టతో చిన్న పుస్తకముగా అచ్చువేసి శుభ శుక్రవారమున పంచారని అమ్మగారి జ్ఞాపకము. ఆ దినములలో మా మందిరమునకు వచ్చి, తరువాత ఉద్యోగరీత్యా ఇతర ఊళ్ళకు వెళ్ళిన కుటుంబాలలో ఎవరియింటనైనా, పాత బైబిలులోనో ట్రంకు పెట్టె అడుగుననో అది ఉండవచ్చును. దొరికినట్లయితే పుస్తకము మీ దగ్గరే ఉంచుకోండి. పేజీలు ఒక్కొక్కటి వెలుతురులో తిన్నగా ఫోటో తీసి, డాక్యుమెంటుగా, మీ సంఘ కాపరి ద్వారా మాకు పంపించండి. టైపు చేయనవసరము లేదు. శుక్రవారము కూడికవారు సిద్ధముగా ఉన్నారు.